తోటలో వానపాములు నిలవాలంటే: మొదటి లెక్క నుంచి ఏడాది తర్వాతి లెక్క దాకా

"అరకిలో వానపాములు కొని తెచ్చి మడిలో వదిలాను. వారం తిరిగేసరికి ఒక్కటీ కనిపించలేదు. ఏమైపోయాయి?"

ఈ ప్రశ్న అడిగినవాళ్లు చాలామంది. నవ్వాలంటే నవ్వలేను, మొదటిసారి నేను చేసింది కూడా అచ్చం అదే. ఎండ ఇంకా తగ్గకముందే సంచి విప్పి మడి మీద కుమ్మరించాను, పైన నాలుగు చెంబుల నీళ్లు పోసి వచ్చేశాను. మర్నాడు చూస్తే కొన్ని చీమల పాలయ్యాయి, మిగతావి ఎటు పోయాయో తెలీదు.

వానపాముల్ని బయటి నుంచి తేవడం అన్నిటికంటే చివర చేయాల్సిన పని. దానికి ముందు చేయాల్సినవి ఐదారున్నాయి. అవి వరుసగా చేసుకుంటూ పోతే చాలా తోటల్లో ఆ చివరి పని అవసరమే పడదు, వాటంతట అవే వస్తాయి. ఈ మార్గదర్శి అంతా ఆ వరుస గురించే.

## 1. వీటి వల్ల ఏం ఒరుగుతుంది, ఏం ఒరగదు

వానపాము కుళ్లుతున్న ఆకునీ మట్టినీ కలిపి మింగుతుంది. కడుపులో రెండూ మెత్తగా నలిగి, కలిసిపోయి, చిన్న చిన్న ఉండలుగా బయటికొస్తాయి. చుట్టూ ఉన్న మట్టితో పోలిస్తే ఆ ఉండల్లో మొక్క వెంటనే తీసుకోగలిగే నత్రజని, భాస్వరం, పొటాష్ ఎక్కువ. పైగా ఆ ఉండ తడిసినా తొందరగా చెదిరిపోదు. అందుకే వానపాములున్న నేల వాన పడ్డాక బురదై, ఎండితే పెచ్చు కట్టే నేలలా ఉండదు, గుల్లగా ఉంటుంది.

రెండో లాభం అవి చేసే బొరియలు. నీళ్లు వాటిలోంచి దిగుతాయి, గాలి ఆడుతుంది, వేళ్లు వాటినే దారిగా చేసుకుని లోపలికి వెళ్తాయి.

పంట మీద ప్రభావం ఎంత? అప్పటిదాకా జరిగిన ప్రయోగాల ఫలితాలన్నీ కలిపి 2014లో చేసిన ఒక విశ్లేషణలో, వానపాములున్న చోట దిగుబడి సగటున 25 శాతం ఎక్కువగా కనిపించింది. ఈ అంకె చాలామంది చెబుతారు. అదే విశ్లేషణలో ఉన్న రెండో సంగతి మాత్రం వదిలేస్తారు: నేలలో పంట వ్యర్థాలు ఎక్కువగా ఉన్నచోట లాభం పెరిగింది, నత్రజని అప్పటికే దండిగా ఉన్నచోట ఆ లాభం కనిపించలేదు. వానపాము ఎరువుని శూన్యంలోంచి పుట్టించదు. ఆకుల్లో, మట్టిలో ఇరుక్కుని ఉన్నదాన్ని విడిపించి మొక్కకి అందిస్తుంది, అంతే. మీరు తిండి పెట్టకపోతే అది విడిపించడానికి ఏమీ ఉండదు.

ఇంకో మాట. వానపాము బతికున్న వేళ్లని కొరకదు. మొక్క ఉన్నట్టుండి వాడిపోతే, తవ్వి చూసినప్పుడు వానపాము కనిపించిందని దాని మీద నింద వేయకండి. అక్కడే తెల్లగా, లావుగా, సున్నా చుట్టుకుని పడుకున్న వేరుపురుగు ఉందేమో వెతకండి.

## 2. ముందు మూడు రకాలు తెలుసుకోండి

మోసపోయేది ఇక్కడే.

పైపొర రకం. చిన్నగా, ఎర్రగా ఉంటుంది. ఆకుల కింద, పేడ కుప్పలో, కంపోస్టులో బతుకుతుంది. ఉత్త మట్టిలో నిలవదు. వర్మీకంపోస్టుకి వాడే ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియే, పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ అన్నీ ఈ జాతివే. కొనడానికి దొరికేవి దాదాపుగా ఇవే.

మధ్యపొర రకం. పాలిపోయిన గులాబీ రంగులోనో బూడిద రంగులోనో ఉంటుంది. వేళ్ల చుట్టూ అడ్డంగా బొరియలు చేసుకుంటూ మట్టినే తిని బతుకుతుంది. పార వేసినప్పుడు మనకి ఎక్కువగా కనిపించేది ఇదే.

లోతు రకం. పొడవుగా, బలంగా ఉంటుంది, తలవైపు ముదురు రంగు. నిలువుగా బొరియ చేసుకుని రాత్రిపూట పైకొచ్చి ఎండుటాకుని లోపలికి లాక్కుపోతుంది. పొద్దున్నే మడిలో ఒక ఆకు తొడిమతో సహా చిన్న కన్నంలోకి దూరి, నిలబెట్టినట్టు కనిపిస్తే అది దీని పనే.

ఇప్పుడు అరకిలో వానపాములు ఏమయ్యాయో అర్థమైంది కదా. కంపోస్టులో బతికే రకాన్ని తీసుకెళ్లి కంపోస్టు లేని మడిలో వదిలాం. తిండి లేదు, నీడ లేదు. నేలని నిజంగా గుల్ల చేసే మిగతా రెండు రకాలూ సంచుల్లో అమ్మేవి కావు. అవి మీ నేలలో ఇప్పటికే కొన్ని ఉంటాయి, పెరగాలి.

## 3. లెక్కపెట్టండి

లెక్క లేకుండా మొదలుపెడితే ఏడాది తర్వాత మీరు చేసింది పనిచేసిందో లేదో చెప్పలేరు. గంట పట్టే పని, మహా అయితే.

ఎప్పుడు: నేల పదునుగా ఉన్నప్పుడు, అంటే వాన పడిన రెండు మూడు రోజులకి. నడివేసవిలో లెక్కపెడితే సున్నా వస్తుంది, అనవసరంగా దిగులు.

ఎలా:

1. మడిలో అడుగు పొడవు, అడుగు వెడల్పు చోటు గీసుకోండి. మీద ఉన్న ఆకుల్ని చేత్తో తీసి పక్కన పెట్టండి, వాటి కిందా చూడండి.
2. ఒక్క అడుగు లోతు తవ్వి, ఆ మట్టినంతా గోనెపట్టా మీదో ప్లాస్టిక్ షీటు మీదో పోయండి.
3. గడ్డల్ని చేత్తో చిదుపుతూ వానపాముల్ని ఏరి, తడి మట్టి ఉన్న డబ్బాలో వేయండి. ఎండలో కూర్చుని చేయకండి.
4. పెద్దవీ పిల్లవీ విడిగా లెక్కపెట్టి రాసుకోండి. మెడ దగ్గర ఉబ్బెత్తుగా పట్టీ ఉంటే ఈడుకొచ్చినది.
5. ఇలా మూడు చోట్ల చేసి సగటు తీయండి. మట్టిని గుంటలో పోసి, వానపాముల్ని పైన పెట్టి ఆకులు కప్పండి.

సగటున పదీ అంతకు మించీ వస్తే నేల బాగుంది, అనవసరంగా కదిలించకండి. ఐదు లోపు వస్తే పని ఉంది. పిల్లలు అసలు కనిపించకపోతే, పెద్దవి ఎన్ని ఉన్నా, ఏదో తేడా ఉందని నా లెక్క.

ఏరేటప్పుడు ఆవగింజ కంటే కాస్త పెద్దగా, రెండు కొసలూ సన్నగా, నిమ్మకాయని బుల్లిగా చేసినట్టుండే గోధుమరంగు గింజలు కనిపిస్తాయి. ఎరువు గుళికలనుకుని పారేస్తుంటారు. అవి గుడ్ల గూళ్లు, ఒక్కోదానిలోంచి ఒకటికి మించి పిల్లలు రావచ్చు. ఐసీనియా రకంలో మూడు వారాలకి కాస్త అటూఇటూగా పిల్లలు బయటికొస్తాయి, మరో రెండు నెలలకి అవి గుడ్లు పెట్టే ఈడుకొస్తాయి.

లోతు రకం పార చప్పుడుకే కిందికి జారుకుంటుంది. దాన్ని చూడాలంటే నాలుగు లీటర్ల నీళ్లలో 40 గ్రాముల ఘాటైన ఆవపిండి కలిపి, అడుగు చదరం చోట నిదానంగా పోయండి. ఐదు పది నిమిషాల్లో మంటకి తట్టుకోలేక పైకొస్తాయి. లెక్కపెట్టిన వెంటనే మంచినీళ్లలో కడిగి పక్క మడిలో వదలండి.

వానపామా, ఇంకోటా? వానపాము ఒంటి నిండా వలయాలుంటాయి, తడిగా జిగటగా ఉంటుంది, సాగుతూ కుంచించుకుంటూ కదులుతుంది. అదే సన్నగా నల్లగా పొడిగా మెరుస్తూ, వలయాలు లేకుండా, తాకగానే గిరగిర మెలికలు తిరిగి మట్టిలోకి దూరితే అది గుడ్డిపాము. విషం లేదు. దాని తోవన దాన్ని పోనివ్వండి.

ఇంకిపోయే పరీక్ష కూడా ఇప్పుడే. 15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న డబ్బాకి పైనా కిందా మూతలు తీసేసి, మూడు అంగుళాలు నేలలోకి దించండి. 450 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే సరిగ్గా అంగుళం నీరు నిలుస్తుంది. అది ఇంకాక మళ్లీ అంతే పోసి, ఈ రెండోసారి ఇంకడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. ఏడాది తర్వాత పోల్చుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన అంకె నాకు దొరకలేదు.

## 4. ముందు ఆపాల్సినవి

తిండి పెట్టే ముందు విషం ఆపాలి. ఈ రెండూ తారుమారైతే పిలిచి చంపినట్టే.

రాగి కలిసిన తెగుళ్ల మందులు, అంటే బోర్డో మిశ్రమం, కాపర్ ఆక్సీక్లోరైడ్ లాంటివి, ఒకసారి కొడితే పోయేవి కావు. రాగి పైమట్టిలోనే పోగుపడుతూ ఉంటుంది. సహజమైన మందు కదా అని ప్రతి మచ్చకీ బోర్డో కొట్టేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కార్బెండజిమ్, కార్బరిల్, కార్బోఫ్యూరాన్ వానపాములకి బాగా హాని చేస్తాయి. మందు తప్పనిసరైతే మచ్చ ఉన్న కొమ్మకే కొట్టండి, కింద నేల మీద పట్టా పరచండి. మొదళ్లలో గుళికలు చల్లే అలవాటు మాత్రం పూర్తిగా మానేయాలి.

యూరియా, అమ్మోనియం సల్ఫేట్ ఒకేచోట గుప్పెడు గుప్పెడు వేస్తే ఆ చుట్టుపక్కల వానపాము ఉండదు. అమ్మోనియం సల్ఫేట్ ఏళ్ల తరబడి వాడితే నేల పులుపెక్కుతుంది కూడా. వాడాల్సి వస్తే కొద్దికొద్దిగా, తడి నేలలో, విడతలుగా వేయండి.

పచ్చి పేడ ఇంకో తప్పు. అది పులిసేటప్పుడు వేడెక్కుతుంది, అమ్మోనియా వస్తుంది. బాగా చివికి, వాసన పోయి, చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలేదాకా ఆగండి. పశువులకి నట్టల మందు వేసిన కొత్తలో వచ్చిన పేడని విడిగా కుప్ప వేసి మరింత మాగనివ్వడం మంచిది.

నేల పీహెచ్ (నేల పులుపెంతో చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6 నుంచి 7.5 మధ్య ఉంటే చాలా రకాలకి సుఖం. 4.5 కంటే తగ్గితే ఉండేవి బహు కొద్ది. పరీక్ష చేయించకుండా సున్నం వేయకండి. చేయించాక వేయాల్సి వస్తే వ్యవసాయానికి వాడే సున్నపురాయి పొడి వేయండి, గోడలకి వేసే కాల్చిన సున్నం వద్దు. అది ఒళ్లు కాల్చేస్తుంది.

ఈ దశ దాటే ముందు చూసుకోండి:

- గత రెండు నెలల్లో నేలలో గుళికల మందు వేయలేదు
- పీహెచ్ ఎంతో తెలుసు
- వేయబోయే పేడ ఎరువు చల్లగా ఉంది, వాసన లేదు
- వాన పడితే నీళ్లు గంటల కొద్దీ నిలిచే చోటు కాదు, లేదా మడి ఎత్తు పెంచారు

## 5. కప్పండి, తిండి పెట్టండి

మొత్తం మార్గదర్శిలో ఒక్కటే చేయగలను అంటే ఇది చేయండి. నేల మీద ఆకుల కప్పు అంటే వానపాముకి ఒకేసారి ఇల్లూ అన్నమూ గొడుగూ. దానికి ఊపిరితిత్తులు లేవు, చర్మంతోనే గాలి పీలుస్తుంది, ఆ చర్మం ఎప్పుడూ తడిగా ఉండాలి. ఎండ సోకితే అదనపు ప్రమాదం, అతినీలలోహిత కిరణాలకి తట్టుకోలేదు. ఖాళీగా ఎండకి పడున్న మడిలో అది పైకొచ్చి తినే వీలే ఉండదు.

వరుస ఇదీ:

1. కలుపు వేళ్లతో సహా పీకకండి, నేలమట్టానికి కోసేయండి. వేళ్లు లోపలే కుళ్లి తిండి అవుతాయి. తుంగ, గరిక లాంటి మొండివాటిని మాత్రం తవ్వక తప్పదు.
2. మడిని ముందు రోజు సాయంత్రం బాగా తడపండి. ఎండిన నేల మీద కప్పితే ఆ కప్పు చిన్న వానని కిందికి దిగనివ్వదు.
3. చివికిన పేడ ఎరువో కంపోస్టో ఒక అంగుళం మందాన పరవండి. మట్టిలో కలపకండి, కలిపే పని వాటిది.
4. పైన ఎండుటాకులు, ఎండుగడ్డి, కోసిన కలుపు కలిపి రెండు నుంచి నాలుగు అంగుళాలు పరవండి. పెద్ద ఆకులు చాపల్లా ఒకదానికొకటి అతుక్కుంటాయి, నలిపి వేయండి.
5. మొక్క కాండం చుట్టూ జానెడు కాకపోయినా నాలుగు వేళ్ల ఖాళీ వదలండి. లేకపోతే మొదలు కుళ్లుతుంది.
6. మళ్లీ తడపండి, ఈసారి రోజ్‌క్యాన్‌తో సన్నగా.

కోసిన పచ్చగడ్డి ఒక్కటే మందంగా వేస్తే రెండు రోజుల్లో వేడెక్కి, జిగురుగా మారి కంపు కొడుతుంది. పచ్చిది ఒక పాలైతే ఎండుది రెండు మూడు పాళ్లు ఉండాలి. రంపపు పొట్టు వేయాలనుకుంటే పైన పలచగా మాత్రమే వేయండి, మట్టిలో కలిపితే కొంతకాలం నత్రజనిని అదే లాగేసుకుంటుంది.

రెండు మూడు వారాలకి కప్పు కొంచెం ఎత్తి చూడండి. ఆకుల అడుగుభాగం జల్లెడలా చిల్లులు పడి, ఈనెలు మాత్రమే మిగిలి, నేల మీద ముదురు రంగు గుళికలు కనిపిస్తే పని మొదలైనట్టే. కప్పు పలచబడ్డ చోట మళ్లీ వేస్తూ ఉండండి. ఇది ఒకసారి చేసి మరిచిపోయే పని కాదు, నేనైతే నెలకోసారి చూస్తాను.

## 6. మడిలోనే గొట్టం: కొన్న వానపాముల్ని పెట్టాల్సిన చోటు

కంపోస్టు వానపాములు మట్టిలో నిలవవన్నాను. కానీ మడి మధ్యలో వాటికో కంపోస్టు గది కడితే నిలుస్తాయి. వంటింటి తొక్కలు మోసుకెళ్లి ఎక్కడో కుప్ప వేసే శ్రమ కూడా తప్పుతుంది.

కావాల్సినవి: ఆరు అంగుళాల వ్యాసం ఉన్న ప్లాస్టిక్ గొట్టం రెండున్నర నుంచి మూడు అడుగులు, డ్రిల్లు, మూతకి సరిపోయే కుండీ, పాత అట్టపెట్టె, గుప్పెడు పాత కంపోస్టు, వంద నుంచి రెండు వందల దాకా కంపోస్టు వానపాములు.

1. గొట్టం కింది అడుగున్నరలో చుట్టూరా, రెండంగుళాలకొకటి చొప్పున అర అంగుళం కన్నాలు వేయండి. అంచులు గరుకుగా లేకుండా ఉప్పుకాగితంతో రుద్దండి, వాటి ఒళ్లు మెత్తన.
2. కన్నాలున్న భాగమంతా నేలలో ఉండేలా అడుగున్నర పైచిలుకు గుంట తీసి గొట్టాన్ని నిలువుగా దించండి. అడుగు మూయకండి.
3. చుట్టూ మట్టి వేసి, ఊగకుండా చేత్తో అదమండి. కాలితో తొక్కకండి.
4. అట్టపెట్టెని చిన్న ముక్కలు చేసి తడిపి, పిండి, ఎండుటాకులూ పాత కంపోస్టూ కలిపి లోపల జానెడు ఎత్తు నింపండి. ప్లాస్టిక్ పూత ఉన్న మెరిసే అట్ట పనికిరాదు.
5. సాయంత్రం పూట వానపాముల్ని, అవి వచ్చిన ఎరువుతో సహా, లోపల వేయండి. పైన మళ్లీ తడి అట్ట. కుండీ బోర్లించి మూత పెట్టండి.
6. వారం రోజులు ఏమీ వేయకండి. ఆ తర్వాత వారానికి రెండు సార్లు గుప్పెడు తొక్కలు, వేసిన ప్రతిసారీ పైన గుప్పెడు ఎండుటాకులు.

మంచి పరిస్థితుల్లో ఈ రకం రోజుకి తన బరువులో సుమారు సగం తింటుంది. అంటే వంద గ్రాముల వానపాములకి యాభై గ్రాములు. కొత్తలో అందులో సగమే పెట్టండి. పోయినసారి వేసింది ఇంకా గుర్తుపట్టేలా ఉంటే ఈసారి వేయకండి.

ఉప్పు, నూనె, మాంసం, పాలపదార్థాలు వద్దు. నిమ్మజాతి తొక్కలు, ఉల్లి, మిరప ఏదో ఒక ముక్క పడితే ఫరవాలేదు, అవే దినచర్య కాకూడదు. గుడ్డు పెంకులు మెత్తగా దంచి వేయండి, మేలు చేస్తాయి.

వానపాములు కన్నాల్లోంచి బయటికి వెళ్లి వస్తూ ఉంటాయి, వాటి వెంట ఎరువూ చుట్టుపక్కలకి చేరుతుంది. గొట్టం నిండిపోతే పైకి లాగేసి నాలుగడుగుల అవతల మళ్లీ పాతండి. లోపలి ఎరువు అక్కడే ఉండిపోతుంది, పైన తింటున్న గుంపుని మాత్రం కొత్త చోటికి మార్చండి.

## 7. నీళ్లు

పిడికెడు మట్టి తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎక్కువైంది, ముద్ద కట్టకుండా రాలిపోతే తక్కువైంది. మీటర్లూ యంత్రాలూ అక్కర్లేదు.

నాలుగు రోజులకోసారి మడి ముంచడం కంటే, కొంచెం కొంచెంగా పదును చెదరకుండా ఇవ్వడం మేలు. నిండా తడవడం, పూర్తిగా ఎండడం, ఈ ఊగిసలాటే వాటిని దెబ్బతీస్తుంది.

వేసవిలో తవ్వినప్పుడు మట్టిలో చిన్న గోళీ అంత గదిలో వానపాము దారపు ఉండలా ముడి వేసుకుని కదలకుండా కనిపించవచ్చు. చచ్చిందనుకోకండి. ఎండకి తట్టుకోలేక జిగురు పూసుకుని నిద్రపోతోంది. ఆ మట్టిగడ్డని అలాగే లోపల పెట్టి కప్పేయండి, తడి తగిలాక లేస్తుంది.

## 8. పార తక్కువ, చేయి ఎక్కువ

లోతు రకం బొరియ శాశ్వత నివాసం. మనం ప్రతి పంటకీ తిరగవేస్తే అది ప్రతిసారీ ఇల్లు కట్టుకోవాలి, గుడ్లు ఎండకి పడతాయి, పక్షులకి పండగ. కొత్త పంటకి మొక్క నాటే చోట మాత్రం గుంట తీసి, మిగతాది వదిలేయండి.

గట్టిపడ్డ నేలైతే పళ్లున్న పారని దించి, వెనక్కి కొంచెం వంచి, మట్టి తిరగబడకుండా పగులు మాత్రమే ఇచ్చి తీసేయండి. గొప్పు తవ్వడం కూడా పైన రెండంగుళాలు దాటనివ్వకండి. మడి మధ్యలో నడవకుండా ముందే బాటలు వేసుకుంటే సగం సమస్య అక్కడే తీరుతుంది.

పార తగిలి తెగితే రెండూ రెండు వానపాములవుతాయని చాలామంది నమ్మకం. కావు. తలవైపు ముక్క బతికితే బతకొచ్చు, తోక మళ్లీ పెరగొచ్చు. చాలా రకాల్లో రెండో ముక్క పోయినట్టే.

## 9. అయినా తేవాల్సి వస్తే

పైవన్నీ చేసి రెండు పంటకాలాలు గడిచినా లెక్క కదలకపోతే తేవచ్చు. కట్టడం పూర్తయిన చోట వదిలేసిన మట్టి, ఏళ్ల తరబడి మందులు కొట్టిన నేల, గోడల మధ్య కొత్తగా నింపిన మడి, ఇలాంటి చోట్ల బయటి నుంచి రావడానికి వాటికి దారి ఉండదు.

కొనకండి. దగ్గరలో, మందులు తగలని, వానపాములు బాగా ఉన్న చోట నుంచి యజమానిని అడిగి, పదునున్నప్పుడు సాయంత్రం పూట, అడుగు చదరం మట్టిగడ్డని గడ్డితో సహా పెళ్లగించి తీసుకురండి. వానపాములు, గుడ్లు, వాటికి అలవాటైన మట్టి, మూడూ కలిసి వస్తాయి. మీ మడిలో అదే కొలత గుంట తీసి ఆ గడ్డని అలాగే అమర్చి, తడిపి, కప్పండి. పది పన్నెండు అడుగులకొకటి చాలు. వ్యాధి తగిలిన మొక్కలున్న చోటి మట్టి మాత్రం తేవద్దు.

మిగిలిన వానపాముల్ని అడవిలోనో అడవి అంచునో వదిలేయకండి. ఉత్తర అమెరికా ఉత్తరభాగపు అడవుల్లో ఒకప్పుడు మంచుపలకలు కప్పిన చోట సొంత వానపాములు లేవు. బయటి నుంచి చేరినవి అక్కడి నేల మీది ఆకుపొరనే తినేసి, దాని మీద ఆధారపడ్డ మొక్కలకి చేటు తెచ్చాయి.

## 10. కుండీల సంగతి

కుండీలో వానపాము వేయమని నేను ఎవరికీ చెప్పను. ఎండకి కుండీ గోడ కాలిపోతుంది, 35 డిగ్రీలు దాటితే చాలా రకాలు తట్టుకోలేవు, పారిపోవడానికి లోతు లేదు. తిండి అయిపోతే సన్నటి విసర్జన అడుగున చేరి నీళ్లు పోయే కన్నం మూసుకుపోతుంది. కుండీలకి వాటి ఎరువు వేయండి: మట్టి మిశ్రమంలో ఐదో వంతు దాకా వర్మీకంపోస్టు, తర్వాత నెలకోసారి పైన గుప్పెడు. రెండడుగుల లోతూ వెడల్పూ ఉండి, నీడలో ఉన్న పెద్ద తొట్టి అయితే వేరే మాట.

## 11. ఎక్కువగా ఎదురయ్యే చిక్కులు

గొట్టంలోంచి కంపు వస్తోంది. తిండి ఎక్కువైంది లేదా తడి ఎక్కువైంది. పైన కుళ్లినదాన్ని తీసేసి, పొడి అట్టముక్కలు కలిపి, వారం ఆపండి.

సన్నటి ఈగలు ముసురుతున్నాయి. తొక్కలు బయటికి కనిపిస్తున్నాయన్నమాట. ప్రతిసారీ రెండంగుళాల ఎండుటాకులు కప్పండి.

చీమలు పట్టాయి. లోపల పొడిబారింది. తడపండి. చీమల మందు మాత్రం చల్లకండి, అది చీమలతో ఆగదు.

వానపాములన్నీ మూత దగ్గరికి ఎక్కుతున్నాయి. లోపల వేడి, పులుపు లేదా నీళ్లు నిలిచాయి. చేయి పెట్టి చూడండి, వెచ్చగా తగిలితే పచ్చివి తీసేయండి.

కప్పు కింద నత్తలు, స్లగ్గులు చేరాయి. లేత నారు ఉన్నప్పుడు కప్పు పలచన చేసి, నారు నిలదొక్కుకున్నాక మళ్లీ వేయండి. రాత్రి టార్చి పట్టుకుని ఏరడమే మంచి మందు.

పచ్చిక మీద మట్టి కుప్పలు. ఎండాక చీపురుతో చెదరగొట్టండి. తడిగా ఉన్నప్పుడు తొక్కితే అక్కడ గడ్డి అణిగిపోతుంది.

వాన పడగానే అన్నీ గచ్చు మీదికి వచ్చేశాయి. తడి చేత్తో ఎత్తి ఆకుల కింద పెట్టండి. గచ్చు మీద ఎండ పడిందంటే ఇక బతకవు.

## 12. ఏడాది తర్వాత

మొదటిసారి లెక్కపెట్టిన కాలంలోనే, అదే పదునులో, పక్క చోట్ల మళ్లీ మూడు గుంటలు తీయండి. గతేడాది కాగితం పక్కన పెట్టుకుని ఇవి రాయండి:

- అడుగు ఘనానికి పెద్దవి ఎన్ని, పిల్లలు ఎన్ని
- గుడ్ల గూళ్లు కనిపించాయా
- రెండో అంగుళం నీరు ఇంకడానికి పట్టిన నిమిషాలు
- మట్టిగడ్డ చేత్తో నొక్కితే పొడిపొడిగా విడిపోతోందా, పలకలుగా విరుగుతోందా
- ఆకుల కప్పు ఎన్ని వారాలకి మాయమవుతోంది

వానపాముల సంఖ్య పెద్దగా పెరగకుండా ఇంకే సమయం మాత్రం తగ్గితే కంగారు పడకండి, నేల ముందు మారుతుంది. సంఖ్య పెరిగి తర్వాత ఆగిపోతే మీరు వేస్తున్న తిండికి అంతమందే సరిపోతారని అర్థం, కప్పు ఇంకో అంగుళం పెంచి చూడండి. ఇసుక నేలల్లో సంఖ్య ఎప్పుడూ కొంత తక్కువే ఉంటుంది, పక్క తోట బంకమట్టితో పోల్చుకోకండి.

పిల్లలు ఏడాది తర్వాత కూడా కనిపించకపోతే నాలుగో భాగానికి వెనక్కి వెళ్లండి. నాకు అలా జరిగినప్పుడు కారణం వెతకడానికి రెండు నెలలు పట్టింది. తీరా చూస్తే మడి మీద వేసిన ఎండుగడ్డికి కోతకి ముందే మందు కొట్టారట.